“అమ్మా, నా సోషల్ నంబర్ ఎంత?” అని అడిగింది... ఏం చెప్పను?

ప్రశ్న:

అక్కా, మేం 2011లో భీమవరం నుంచి న్యూజెర్సీ వచ్చాం. మావారికి హెచ్‌1బీ, నాకూ మూడేళ్ల పాపకూ హెచ్‌4. 2014లో ఆయన ప్రాజెక్టు పోయింది. ఇంకో కంపెనీ వాళ్లు పిటిషన్ వేస్తామని డబ్బు తీసుకున్నారు, అది రిజెక్ట్ అయింది. ఈలోపు ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అయిపోయింది. ఊళ్లో అప్పులు, కడుపులో బాబు. ఎలాగోలా సర్దుకుంటుందిలే అని ఆగిపోయాం. ఆగిపోవడం అలవాటైపోయింది. మావారు ఒక స్టోర్‌లో క్యాష్‌కి పనిచేస్తారు, నేను ఇంట్లో వండి కూరలు ఇస్తుంటాను. బాబుకి ఇప్పుడు పదకొండేళ్లు, వాడు ఇక్కడే పుట్టాడు. పాప 12వ గ్రేడ్. ఈ జనవరి 14కి, సంక్రాంతికి, 18 నిండుతాయి.

మొన్న కాలేజీ ఫారం నింపుతూ “అమ్మా, నా సోషల్ నంబర్ ఎంత?” అని అడిగింది. పొయ్యి మీద పప్పు ఉందని వంటింట్లోకి వెళ్లిపోయాను. మూడు వారాలైంది, మళ్లీ అడగలేదు. తనకి ఆ సోషల్ సెక్యూరిటీ నంబరే లేదనీ, ఎందుకు లేదో దానికేమీ తెలియదు. “ఇన్నేళ్లూ ఏం కాలేదు, ఇప్పుడేమవుతుంది, దాన్ని కంగారు పెట్టకు” అంటారు మావారు. ఇండియా పంపించెయ్, అమ్మ చూసుకుంటుంది అంటాడు తమ్ముడు. తెలిసినాయన ఒకరు ఎనిమిది వేల డాలర్లిస్తే డాకా వేయిస్తానంటున్నాడు. సిటిజన్ కుర్రాడితో కాగితం పెళ్లి చేసెయ్యమని ఇంకొకరి సలహా. బయట కారు ఆగిన చప్పుడైనా గుండె ఆగిపోతోంది. పాపని డిపోర్ట్ చేస్తారా అక్కా?

— ఒక తల్లి, న్యూజెర్సీ

సమాధానం:

చెల్లెమ్మా, మూడు వారాలుగా పాప మళ్లీ అడగలేదంటే తనకేమీ తెలియదని అనుకోకండి. ఆ ప్రశ్న విన్నాక మీ ముఖం ఎలా మారిందో చూసింది, అందుకే అడగలేదు. క్లాసులో తోటి పిల్లలు లైసెన్సులు తీసుకుంటుంటే, సెలవులకి ఇండియా వెళ్లొస్తుంటే, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేస్తుంటే తను చూస్తూనే ఉంది. పేరు తెలియకపోయినా తమ ఇంట్లో ఏదో ఉందని పిల్లలకి ఎప్పుడో తెలిసిపోతుంది.

ముందు ఒక తేదీ గురించి చెప్తాను. మిగతావన్నీ దాని తర్వాతే.

1996లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, స్టేటస్ లేకుండా 180 రోజులు దాటి ఇక్కడ ఉండి బయటికి వెళ్తే మూడేళ్లు తిరిగి రాకూడదు. ఏడాది దాటి ఉండి వెళ్తే పదేళ్లు. కానీ 18 ఏళ్లు నిండేదాకా గడిచిన రోజులు ఈ లెక్కలోకి రావు. అంటే మీ పాప ఈ దేశంలో కాగితాలు లేకుండా గడిపిన పదకొండేళ్లూ ఈ లెక్కలో సున్నా. జనవరి 14న ఒకటో రోజు మొదలవుతుంది. 180 రోజులంటే జులై రెండో వారం. హైస్కూల్ గ్రాడ్యుయేషన్ జూన్‌లో అయిపోతుంది. తర్వాత మూడు వారాలకి తలుపు మూసుకుంటుంది.

మీ పాపని పంపించేయమని ఈ మాట చెప్పడం లేదు. ఒక తలుపు తెరిచి ఉందనీ, ఫలానా రోజున మూసుకుంటుందనీ తనకి తెలియాలి. తెలియకుండా అది మూసుకుపోతే ఆ నిర్ణయం మీ పాపది కాదు, మీ మౌనానిది అవుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి మా ఇంటికొచ్చాడు. మనవాడే, ఇరవై రెండేళ్లుంటాయి. ఒక హోటల్లో గిన్నెలు కడిగే పని. జిప్‌లాక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద చాలా జాగ్రత్తగా విప్పాడు. తన ఐదో ఏట విమానంలో ఇచ్చి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టిన ఐ-94 తెల్ల కార్డు. “ఆంటీ, ఇదేనా అందరూ చెప్పే కాగితం?” అన్నాడు. అప్పటికి వారం కిందటే బట్టల సూట్‌కేసులో దొరికిందట. వాళ్ల నాన్నగారు మంచివారే. పిల్లాడికి టెన్షన్ ఎందుకని చెప్పలేదు. తేదీలు లెక్కవేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పద్దెనిమిదప్పుడు నాకు మెడిసిన్ చదవాలని ఉండేది ఆంటీ, ఇండియా వెళ్లి చదివేవాణ్ణి” అన్నాడు. ఆ కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచి కవర్లో పెట్టుకుంటుంటే అతని వేళ్లు వణకడం నాకింకా కళ్లముందే ఉంది. అందుకే ఈ ఉత్తరం ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇక డాకా. ఎనిమిది వేలు అడిగిన ఆ పెద్దమనిషికి ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. డాకాని 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించింది. చిన్నప్పుడు ఇక్కడికి తెచ్చిన పిల్లల్ని రెండేళ్లపాటు పంపించేయకుండా ఆపి, పని చేసుకునే కార్డు ఇచ్చే ఏర్పాటు అది. రెండేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి, గ్రీన్‌కార్డు మాత్రం రాదు. అయితే 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. అప్పటికి మీ పాప పుట్టనే లేదు. ప్రకటన నాటికి స్టేటస్ లేనివాళ్లై ఉండాలన్న షరతు కూడా ఉంది. 2012లో మీకు హెచ్‌4 ఉంది, కాబట్టి ఆ లెక్కనా కుదరదు. పైగా 2021లో టెక్సస్ ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చాక పాతవాళ్లకి రెన్యువల్స్ జరుగుతున్నాయి గానీ కొత్త అప్లికేషన్లు ఆమోదించడం ఆగిపోయింది. మీ దగ్గర డబ్బు తీసుకుని అతను చేయగలిగేది ఒక్కటే: మీ పేర్లు, అడ్రస్ ప్రభుత్వం చేతిలో పెట్టడం.

కాగితం పెళ్లి అంతకన్నా ప్రమాదం. దొంగ పెళ్లి అని తేలితే ఐదేళ్లదాకా జైలు, రెండున్నర లక్షల డాలర్లదాకా జరిమానా ఉంటాయి. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటుంది. ఒకసారి ఆ ముద్ర పడితే, రేపు తను నిజంగా ఇష్టపడి ఒక సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నా ఆ పిటిషన్ ఆమోదించరు. మీ పాప వీసాతో, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ముందు నిలబడి దేశంలోకి వచ్చింది. అలా వచ్చినవాళ్లకి స్టేటస్ పోయినా, సిటిజన్‌తో నిజమైన పెళ్లి జరిగితే దేశం విడిచి వెళ్లకుండానే గ్రీన్‌కార్డుకి అప్లై చేసుకునే వీలుంది. అడవులూ ఎడారులూ దాటి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ వీలు లేదు. తన చేతిలో ఉన్న అతి విలువైన కాగితం ఇదే. దాన్ని అద్దె మొగుడి పాలు చెయ్యకండి.

డిపోర్ట్ చేస్తారా అని అడిగారు. చట్టప్రకారం చేయగలరు. చదువులో ఫస్టని, మంచి పిల్ల అని వదిలేయాలన్న నియమమేమీ లేదు. ఈమధ్య డాకా ఉన్న కొందరినే పట్టుకుని నిర్బంధించారు. అయితే 2025 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానం, బేడీలతో దిగిన ఆ 104 మంది మీ కళ్లముందు తిరుగుతుంటే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. వాళ్లలో ఎక్కువమంది మెక్సికో సరిహద్దు దగ్గర దొరికినవాళ్లు. వీసాతో వచ్చి గడువు దాటినవాళ్లకి మామూలుగా నోటీసు ఇస్తారు, ఇమిగ్రేషన్ జడ్జి ముందు కేసు నడుస్తుంది. ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. జడ్జి ముందు కేసు నడిపించుకునే ఆ హక్కుని మన చేత్తో మనమే వదులుకోకుండా చూసుకోవాలి. ఎవరైనా ఏదైనా కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే, లాయర్ చూడకుండా చెయ్యకూడదని నలుగురూ బట్టీ పట్టినట్టు గుర్తుపెట్టుకోండి.

తలుపు కొడితే తియ్యకండి. వారెంట్ ఉందంటే కిటికీలోంచి చూపించమనండి, లేదా తలుపు కింద నుంచి తొయ్యమనండి. దాని మీద కోర్టు పేరు, జడ్జి సంతకం ఉన్నాయా చూడండి. ఇమిగ్రేషన్ ఆఫీసరు సంతకం ఒక్కటే ఉంటే, మీరు ఒప్పుకోకుండా ఇంట్లోకి వచ్చే అధికారం ఆ కాగితం ఇవ్వదు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడొచ్చారు అంటే మాట్లాడకుండా ఉండే హక్కుంది. అబద్ధం మాత్రం చెప్పకండి. నకిలీ కాగితాలు చూపించకండి.

అబద్ధాల్లోకెల్లా పెద్ద అబద్ధం ఒకటుంది, అది తెలియక చాలామంది పిల్లలు చిక్కుకుంటారు. ఉద్యోగం ఫారంలో “యూఎస్ సిటిజన్” అన్న గడిలో టిక్కు పెట్టడం. సిటిజన్‌నని తప్పుగా చెప్పుకున్నట్టు తేలితే, తర్వాత ఏ దారీ పనిచేయదు. నిజమైన పెళ్లి కూడా కాపాడలేదు. న్యూజెర్సీలో 2021 మే నుంచి స్టేటస్‌తో సంబంధం లేకుండా మామూలు డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తున్నారు, పాప తీసుకోవచ్చు. కానీ అక్కడే ఓటరుగా నమోదు చేసే ఏర్పాటు కూడా ఉంది. అడిగితే స్పష్టంగా వద్దని చెప్పాలి. తనకి ఏమీ చెప్పకుండా దాచిపెడితే, స్నేహితురాళ్లతో పాటు తనూ ఎక్కడో ఒక టిక్కు పెట్టేస్తుంది. అమాయకంగా. ఆ ప్రమాదం మీరు ఆలోచించారా?

పాప నింపుతున్న ఫారం ఫాఫ్సా అయితే ఆపమనండి. అది ఫెడరల్ సాయం కోసం, తనకి రాదు. న్యూజెర్సీలో ఇక్కడ హైస్కూల్ మూడేళ్లు చదివి పాసైన పిల్లలకి, కాగితాలు లేకపోయినా, రాష్ట్రం పిల్లల ఫీజే తీసుకోవాలని 2013లో చట్టం చేశారు. 2018లో రాష్ట్ర ఆర్థిక సాయానికీ అర్హత ఇచ్చారు. దానికి వేరే అప్లికేషన్ ఉంది, ఇలాంటి పిల్లల కోసమే. టెక్సస్‌లో 2001 నుంచి ఉన్న ఇలాంటి చట్టాన్ని ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెళ్లి 2025 జూన్‌లో ఆపించింది. అందుకని చేరబోయే కాలేజీలో ఇప్పుడేం నడుస్తోందో ముందే కనుక్కోండి. డిగ్రీ చేతికొచ్చాక కూడా పని చేసుకునే కార్డు ఉండదు. ఇరవై రెండేళ్లకి తను నిలబడేది ఆ గోడ ముందే. ఇక్కడ పుట్టిన బాబు మీద పాప ఆశ పెట్టుకోవడమూ వృథా. వాడికి ఇరవై ఒకటి నిండాక మీ ఇద్దరికీ గ్రీన్‌కార్డు వేయగలడు, మీరు వీసాతో వచ్చారు కాబట్టి. అక్కకి వేస్తే మాత్రం మన దేశం వాళ్లకి ఆ క్యూ దశాబ్దాలది.

తను వెళ్తానంటే? అక్కడా తియ్యటి మాటలు చెప్పను. జులైలోపు వెళ్తే మూడేళ్ల నిషేధం గానీ పదేళ్ల నిషేధం గానీ ఉండదు, కానీ నిషేధం లేకపోవడం వేరు, వీసా రావడం వేరు. మళ్లీ స్టూడెంట్ వీసాకి వెళ్లినప్పుడు కాన్సులేట్ ఆఫీసరు ఇన్నేళ్ల సంగతీ అడుగుతాడు, లేదనే హక్కు అతనికుంది. మీ పరిస్థితి ఇంకోలా ఉంటుంది. మీ రోజులు ఎప్పుడో ఏడాది దాటిపోయాయి. పాపని చూడ్డానికి మీరు విమానం ఎక్కితే పదేళ్లు వెనక్కి రాలేరు, ఇక్కడ బాబున్నాడు. మీ తమ్ముడు “పంపించెయ్” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు గానీ, ఆ మాటలో ఒక తల్లి తన పిల్లని ఎన్నేళ్లు చూడకుండా ఉండాలో లేదు.

అయినా ఆ దారిని కొట్టిపారెయ్యకండి. అమ్మమ్మ ఉంది. పాప ఇండియన్ సిటిజన్, అక్కడ ఎవరి దయా అక్కర్లేదు. ముందు పాస్‌పోర్టు తీసి చూడండి. మన దగ్గర చిన్నపిల్లలకి ఐదేళ్లకో 18 నిండేదాకానో మాత్రమే ఇస్తారు, ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఉంటారో వెళ్తారో తర్వాత సంగతి, దాన్ని మాత్రం ఈ నెలలోనే రెన్యువల్‌కి పెట్టండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే ఆధార్‌కి 182 రోజులు ఆగక్కర్లేదు, దిగగానే అప్లై చెయ్యొచ్చు. అక్కడి కాలేజీల్లో చేరడానికి ఇక్కడి డిప్లొమాకి అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నుంచి సమానత్వ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంజనీరింగో మెడిసినో అయితే 12లో ఏ సబ్జెక్టులు తీసుకుందో ఇప్పుడే సరిచూసుకోవాలి. తెలుగు మాట్లాడుతుంది సరే, చదవడం రాదేమో. అది నేర్చుకోవచ్చు. అక్కడ నలుగురు “అమెరికా నుంచి ఎందుకొచ్చేశావ్?” అని అడుగుతారు చూశారా, అది కష్టం. ఆ ప్రశ్నకి జవాబు ఇక్కడే తయారుచేసుకుని విమానం ఎక్కాలి.

నన్నడిగితే, చదువు మీద అంత పట్టుదల ఉన్న పిల్ల అయితే, అమ్మమ్మ దగ్గర ఆసరా ఉంది కాబట్టి, జులైలోపు వెళ్లే దారి గురించి చాలా గట్టిగా ఆలోచిస్తాను. ఇరవై నాలుగేళ్లకి వెళ్లక తప్పని పరిస్థితి వస్తే అప్పుడు పదేళ్లు కట్టుకుని వెళ్లాలి. కానీ నా ఊరు ఇదే, నా అమ్మ ఇక్కడే ఉంది, నేను ఉంటాను అని తనంటే అదీ తప్పు కాదు. మూడేళ్లప్పుడు మీరు ఎత్తుకొచ్చారు, ఈసారి తన కాళ్ల మీద తనే నడవనివ్వండి.

ఈ పిల్లల్ని పంపించేయడం అన్యాయమని నేను నమ్ముతాను, దాచుకోను. కాగితాలు లేవని బడి మూసెయ్యకూడదని 1982లో ప్లైలర్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదన్నది ఆ తీర్పులో మూలమైన మాట. ఆ తీర్పు వల్లే స్టేటస్ పోయాక కూడా మీ పాప ఇవాళ్టిదాకా చదువుకుంది. ఇలా పెరిగిన పిల్లలకి ఒక దారి చూపించాలని డ్రీమ్ యాక్ట్‌ని మొదట ప్రవేశపెట్టింది 2001లో. 2010లో హౌస్‌లో పాసై, సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సిన చోట 55 దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ చట్టం కాలేదు. మన హెచ్‌1బీ కుటుంబాల్లో కాగితాలన్నీ సరిగ్గా ఉన్న పిల్లలు కూడా గ్రీన్‌కార్డు క్యూ కదలక, 21 నిండగానే హెచ్‌4 పోయి రోడ్డు మీద పడుతున్నారు. “మేం లీగల్, వాళ్లు ఇల్లీగల్” అని మీలాంటివాళ్ల వెనకాల మాట్లాడేవాళ్ల ఇళ్లలోనూ ఇదే ఏడుపు ఉంది. కాబట్టి మీరు తల దించుకుని బతకాల్సిన పనేం లేదు.

లాయర్ విషయం. నోటరీలు, కన్సల్టెంట్లు, “తెలిసినాయన” ఎవరూ వద్దు. లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్, లేదా న్యాయశాఖ గుర్తింపు ఉన్న సంస్థ ప్రతినిధి. మీ దగ్గర్లో నెవార్క్‌లో అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ ఉంది, రట్‌గర్స్ లా స్కూల్ క్లినిక్ ఉంది. అక్కడ మొదలుపెట్టండి. ఒకటి తప్పకుండా అడగండి: 2014లో పిటిషన్ రిజెక్ట్ అయ్యాక, మీరు ఇల్లు మారాక, పాత అడ్రస్‌కి కోర్టు నోటీసు ఏదైనా వెళ్లిందా? మీకు తెలియకుండా వాయిదా తప్పిపోయి, మీరు లేకుండానే డిపోర్టేషన్ ఆర్డర్ పడి ఉంటే పైన నేను చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా నేరానికి గురయ్యారా, మీవారి కంపెనీ మోసం చేసిందా, ఇవి కూడా చెప్పండి. చిన్నవిగా కనిపించేవాటిలో ఒక్కోసారి దారి ఉంటుంది. మీ ఇద్దరికీ ఏదైనా అయితే బాబుని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు, ఎవరి దగ్గర ఉంటాడు అన్నదానికి కూడా అక్కడే కాగితం రాయించుకోండి.

మీవారి మాట. ఇన్నేళ్లూ ఏం కాలేదన్నది నిజమే. కానీ ఇన్నేళ్లూ పాప మైనరు. ఆయన ధైర్యంగా మాట్లాడుతున్నారని మీరనుకుంటున్నారు, నాకు అందులో భయమే వినిపిస్తోంది. ప్రాజెక్టు పోయిన రోజున తీసుకున్న నిర్ణయానికి తన కూతురు తన కళ్లలోకి చూసి ఎందుకు నాన్నా అని అడుగుతుందన్న భయం. అడుగుతుంది. అరుస్తుంది, కొన్నాళ్లు మాట్లాడదు కూడా. పడండి ఇద్దరూ. “మేం తప్పు చేశాం, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు” అని ఆయన నోటితోనే చెప్పించండి. మీరు చెప్పడం వేరు, నాన్న చెప్పడం వేరు.

సంక్రాంతిదాకా ఆగకండి. ఈ శనివారం బాబుని ఎవరింటికైనా ఆడుకోడానికి పంపండి. పాస్‌పోర్టులు, ఐ-94లు, ఆ రిజెక్ట్ చేసిన ఉత్తరం, పాప బర్త్ సర్టిఫికెట్ అన్నీ తీసి టేబుల్ మీద పెట్టండి. మీరు చదివి వినిపించొద్దు. తననే చదవనివ్వండి, తేదీలు తననే లెక్కపెట్టుకోనివ్వండి. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లకండి. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాపని వెంట తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ తన పేరు మీదే తీసుకోండి.